కాస్ట్ ఐరన్ బుల్లెట్: ఇంటి పట్టున పునరుద్ధరణ, మార్పులు

పాత మోటారు సైకిలును ఇంటి వసారాలోనో, కారు షెడ్డులోనో విప్పి, అరిగినవి మార్చి, నచ్చిన హంగులు కూర్చి మళ్లీ రోడ్డెక్కించే అభిరుచి చాలా దేశాల్లో ఉంది. మన దేశంలో ఆ అభిరుచికి అందరికంటే ఎక్కువగా చిక్కింది రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350, అందులోనూ మెకానిక్కులు ‘కాస్ట్ ఐరన్’ అని పిలిచే పాత ఇంజన్ బండి. సిలిండరు బ్యారెల్ పోత ఇనుముది. పైనున్న హెడ్డు, కిందున్న క్రాంక్ కేసు అల్యూమినియం. ఈ రెండు లోహాల పొత్తు ఎంత సుఖమో, ఎంత తలనొప్పో బండి విప్పినవాళ్లకే తెలుస్తుంది.

ఈ పనిలో రెండు దారులున్నాయి. బండి కర్మాగారం నుంచి ఎలా వచ్చిందో అలా నిలబెట్టేది పునరుద్ధరణ. రూపాన్నో శక్తినో మార్చేది మోడిఫికేషన్. ఆచరణలో చాలామంది ఈ రెంటికీ నడుమ నడుస్తారు: చూపుకు పాత బండే, లోపల బ్రేకులు, కరెంటు, ఇగ్నిషన్ మాత్రం మెరుగు. నాలుగు రోడ్ల కూడలిలో చూసేవాళ్ల మెప్పు మొదట దక్కేది పెద్ద సైలెన్సరుకూ వెడల్పు టైరుకూ. రోజూ బండి నడిపేవాడికి పనికొచ్చేవి మాత్రం కంటికి కనపడని సవరణలే.

బుల్లెట్ పేరు 1932 నాటిది. ఇంగ్లండులోని రెడ్డిచ్ కర్మాగారం ఆ పేరుతో బళ్లు చేయడం అప్పుడే మొదలుపెట్టింది. మనకు తెలిసిన బుల్లెట్ మాత్రం 1949లో వచ్చిన నమూనాకు వారసురాలు. వెనక చక్రానికి స్వింగ్ ఆర్మ్ సస్పెన్షన్ ఉండటం ఆ రోజుల్లో కొత్త. సరిహద్దు గస్తీకి భారత సైన్యం ఈ బండిని ఎంచుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు శివారు తిరువొత్తియూరులో మొదట విడిభాగాలు బిగించడం, తర్వాత పూర్తిగా ఇక్కడే తయారుచేయడం జరిగింది. 1970 నాటికి ఇంగ్లండులో మాతృసంస్థ మూతబడింది. ఇక్కడి కర్మాగారం ఆగలేదు. 1977లో అదే బండిని తిరిగి ఇంగ్లండుకు ఎగుమతి చేయడం మొదలుపెట్టింది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ, సుమారు 18 హార్స్‌పవర్: ఈ కొలతలు దశాబ్దాల తరబడి మారలేదు. 2000 ప్రాంతంలో ఏవీఎల్ లీన్ బర్న్ ఇంజన్, 2008 తర్వాత యూసీఈ ఇంజన్ వచ్చేదాకా పాత ఇంజనుదే రాజ్యం.

ఇంత కాలం మారకపోవడమే ఇంటి మెకానిక్కుకు వరం. 1965 నాటి బండికి 1995 నాటి పిస్టన్ పడుతుంది. ఢిల్లీ కరోల్ బాగ్, మద్రాసు పుదుప్పేట, హైదరాబాద్ పుత్లీబౌలి, సికింద్రాబాద్ రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వెతికితే దొరకని భాగం అరుదు. ఇంగ్లండులోని హిచ్‌కాక్స్ లాంటి దుకాణాలు బుల్లెట్ భాగాల మీదే పేరు తెచ్చుకున్నాయి. రెడ్డిచ్‌లో పుట్టిన బళ్లు కొన్ని ఇప్పుడు మద్రాసు భాగాలతో నడుస్తున్నాయి.

షెడ్డులో చరిత్ర

ఇంటి షెడ్డులో బండిని మార్చేవాళ్లలో మొదట చెప్పుకోవలసిన పేరు బర్ట్ మన్రో. న్యూజీలాండు దక్షిణ కొసన ఇన్వర్‌కార్గిల్ ఊరివాడు, 1899లో పుట్టాడు. 1920లో ఒక ఇండియన్ స్కౌట్ మోటారు సైకిలు కొన్నాడు. 600 సీసీ ఇంజను, గంటకు 55 మైళ్లు దాని పరుగు. ఆ బండినే నాలుగు దశాబ్దాలకు పైగా విప్పుతూ బిగిస్తూ గడిపాడు. పాత డబ్బాల్లో లోహం కరిగించి పోసి పిస్టన్లు తనే చేసుకున్నాడు. కనెక్టింగ్ రాడ్లను ట్రాక్టరు ఇరుసు ఉక్కులోంచి చెక్కాడు. పేలిపోయిన భాగాలను ఒక అర మీద వరసగా పేర్చి, అవి వేగదేవుడికి నైవేద్యాలని రాసి పెట్టుకున్నాడు. 1967లో, 68వ ఏట, అమెరికాలోని బోనెవిల్ ఉప్పు మైదానంలో 1000 సీసీ లోపు తరగతిలో రికార్డు పెట్టాడు. లెక్కలో జరిగిన చిన్న పొరపాటును 2014లో సరిదిద్దాక ఆ వేగం గంటకు 184.087 మైళ్లని, అంటే సుమారు 296 కిలోమీటర్లని తేలింది. 2005లో వచ్చిన ‘ద వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్’ సినిమా ఈయన కథే.

లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీది ఏస్ కెఫే చుట్టూ 1950, 60లలో పెరిగిన కుర్రకారుది ఇంకో ధోరణి. హ్యాండిల్ కిందికి దించి, సీటు వెనక్కి జరిపి, బరువు తగ్గించి చేసిన ఆ బళ్లకు కెఫే రేసర్లని పేరు. నార్టన్ ఫెదర్‌బెడ్ చట్రంలో ట్రయంఫ్ ఇంజన్ కూర్చిన ‘ట్రైటన్’ వాటిలో మకుటం. ఒక కంపెనీ చట్రం బాగుంటే, ఇంకో కంపెనీ ఇంజన్ బాగుంటే, రెండూ కలిపేయడమే! కుర్రవాళ్ల మోజును చూసి 1960ల నడుమ రాయల్ ఎన్‌ఫీల్డే కాంటినెంటల్ జీటీ 250ను కెఫే రేసర్ వాలకంతో మార్కెట్లోకి తెచ్చింది.

బుల్లెట్ విషయంలో ఇంటి పనితనానికి శిఖరం అనికేత్ వర్ధన్ చేసిన ‘మస్కెట్’. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో చదివి, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో స్థిరపడిన ఆయనకు బుల్లెట్‌లో వీ-ట్విన్ ఉంటే ఎలా ఉంటుందన్న ఊహ వచ్చింది. రెండు బుల్లెట్ సిలిండర్లను 59 డిగ్రీల కోణంలో ఒకే క్రాంక్ కేసు మీద నిలబెట్టాలి. అలాంటి క్రాంక్ కేసు ఎక్కడా దొరకదు. చెక్కతో అచ్చులు చేత్తో చెక్కుకుని, వాటితో పోత పోయించాడు. 350 సిలిండర్లు రెండు కలిస్తే 692 సీసీ; తర్వాత 500 సిలిండర్లతో 998 సీసీ రూపం చేశాడు. చూడగానే కర్మాగారమే ఇలా చేసిందేమో అనిపించేంత పొందిక ఆ ఇంజనుది.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లింది డీజిల్ బుల్లెట్. పెట్రోలు ఖర్చు భరించలేనివాళ్లు పొలం పంపుసెట్ల డీజిల్ ఇంజన్లను బుల్లెట్ చట్రంలో కూర్చుకున్నారు. ఎన్‌ఫీల్డే ‘టారస్’ పేరుతో 325 సీసీ, 6.5 హార్స్‌పవర్ డీజిల్ బండిని కొన్నాళ్లు అమ్మింది. అదురు సంగతి పక్కన పెడితే మైలేజీలో దాన్ని కొట్టిన బుల్లెట్ లేదు.

కాగితాలు, విప్పకం

పాత బండి కొనేటప్పుడు ఇంజను చప్పుడు వినేకంటే ముందు చూడవలసినవి కాగితాలు. చట్రం మీద, క్రాంక్ కేసు మీద చెక్కిన నంబర్లు ఆర్‌సీలో ఉన్న నంబర్లతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. సైన్యం వేలంలో వచ్చిన బళ్లలో, రెండు మూడు బళ్లు కలిపి ఒకటి చేసిన వాటిలో ఇక్కడే చిక్కు. నంబరు అరగదీసి మళ్లీ పోటు వేసిన గుర్తులు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా లేచి రావడమే మేలు. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేసి ఏళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తప్పదు.

విప్పే పనిలో తొందర పనికిరాదు. ఏ వైరు ఎక్కడికి పోతుందో, ఏ వాషరు ఏ బోల్టు వెనక ఉందో ఫోనుతో ఫొటోలు తీసుకుంటూ, బోల్టులను గుంపులుగా పాత ఇడ్లీ రేకుల్లోనో డబ్బాల్లోనో పేరు రాసి పెట్టుకుంటే సగం పని అయినట్టే. బుల్లెట్‌కు ఇంకో పేచీ ఉంది: మరలు. ఇంగ్లండు నమూనా కాబట్టి పాత భాగాల్లో బీఎస్ఎఫ్, సైకిల్ మరలు, తర్వాత చేర్చిన భాగాల్లో మెట్రిక్ మరలు. బీఎస్ఎఫ్‌ది విట్‌వర్త్ మర, దాని కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. రెండు మూడు చుట్లు తేలిగ్గానే ఎక్కిన మెట్రిక్ బోల్టును పానా పట్టి బలవంతంగా బిగిస్తే అల్యూమినియం కేసులో మర తెగుతుంది. అప్పుడు హెలికాయిల్ వేయించుకోవడానికి లేత్ వాళ్ల దగ్గరికి పరుగు. ఇంచీ స్పానర్ల సెట్టు ఒకటి కొనడం దానికంటే చవక.

ఇంజన్

ఇంజన్ దించితే చేయవలసిన పనుల్లో ఇంట్లో అయ్యేవి కొన్ని, కానివి కొన్ని. వాల్వులు గ్రైండింగ్ పేస్టుతో కూర్చోబెట్టడం, క్లచ్ ప్లేట్లు మార్చడం, ఆయిల్ పంపులు చూడటం ఇంట్లో కుదురుతాయి. బోరింగు, క్రాంకు పని లేత్ దుకాణంలోనే. సిలిండరు అరిగితే 20, 40, 60 సైజు పిస్టన్లుంటాయి. అవి అంగుళంలో వెయ్యోవంతుల లెక్క. 20 సైజు అంటే అర మిల్లీమీటరు పెద్దది. 60 దాటితే కొత్త స్లీవు వేయించాలి, లేదా బ్యారెల్ మార్చాలి.

బోరు చేసేవాడికి పిస్టన్ చేతికివ్వకుండా ‘20 సైజు కొట్టు’ అని చెప్పి వచ్చేయడం చాలామంది చేసే తప్పు. అల్యూమినియం వేడికి ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇనప బ్యారెల్ వేడిని అంత త్వరగా బయటికి పంపదు. కాబట్టి పిస్టన్‌కూ బోరుకూ నడుమ సందు ఆ పిస్టన్‌ను కొలిచి ఇవ్వవలసిందే. బిగుతుగా ఉంటే ఎండాకాలం హైవే మీద అరగంట నడిచాక ఇంజను ‘పట్టేస్తుంది’. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. వదులుగా ఉంటే పిస్టన్ టకటక, నీలి పొగ. కొత్త బోరు వేసిన బండిని మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నిదానంగా, మధ్య మధ్య ఆపి చల్లారనిస్తూ నడపడం పెద్ద మెకానిక్కులు నేటికీ వదలని పద్ధతి.

ట్యాపెట్ల సర్దుబాటు చూస్తే ఈ ఇంజన్ ఎంత సాదాసీదాదో అర్థమవుతుంది. బ్యారెల్ పక్కన చిన్న మూత విప్పితే రెండు పుష్ రాడ్ల అడుగులు కనిపిస్తాయి. ఇంజను చల్లగా ఉండాలి, పిస్టన్ కంప్రెషన్ మీద పైకొచ్చి ఉండాలి. రాడ్డును రెండు వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. అంతే, ఫీలర్ గేజి కూడా అక్కరలేదు. వేళ్లకు గ్రీజు ఉంటే తెలియదు, తుడుచుకుని చూడాలి.

పాయింట్లు, కండెన్సరు ఉన్న పాత ఇగ్నిషన్‌ను ఎలక్ట్రానిక్‌గా మార్చడం బుల్లెట్‌కు చేసే మార్పుల్లో బయటికి బొత్తిగా కనపడనిది, రోజూ మాత్రం అక్కరకొచ్చేది. పాయింట్ల సందు అరిగేకొద్దీ టైమింగు జరుగుతుంది. టైమింగు ముందుకు జరిగితే కిక్కు వెనక్కి తన్నుతుంది. చీలమండ వాచినవాళ్లెందరో! అయితే పాయింట్లున్న బండిలో ఒక సొగసు ఉంది, అది ఆంమీటరు. తాళం తిప్పి కిక్కును మెల్లగా నొక్కుతుంటే హెడ్‌లైటు పైనున్న ఆ చిన్న మీటరులో ముల్లు కదులుతుంది. పాయింట్లు కలిసున్నంతసేపు కాయిలు కరెంటు తీసుకుంటుంది కాబట్టి ముల్లు డిశ్చార్జి వైపు వాలుతుంది. విడిపోగానే నడిమికొస్తుంది. కాలికి కంప్రెషన్ బిగువు తగిలే చోట ముల్లు నడిమికి వస్తే, డీకంప్రెసర్ లివరు పట్టి కిక్కును ఇంకాస్త దించాలి. లివరు వదలాలి, కిక్కును పైకి రానిచ్చి ఒక్క తొక్కు తొక్కాలి. టైమింగు సరిగ్గా ఉంటే బక్కపలచని మనిషి కూడా స్టార్ట్ చేయగలడు. ఒంటి బలంతో పని లేదు.

ఆపడం, వెలగడం

బండి పరుగెత్తించే మార్పులకు దిగే ముందు ఆపే మార్పులు జరగాలి. పాత బుల్లెట్ ముందు చక్రానికి ఆరంగుళాల డ్రమ్ము, ఒకే క్యామ్. దాదాపు 165 కిలోల బండిని, ఇద్దరు మనుషులను, నేటి ట్రాఫిక్‌లో ఆపడానికి అది చాలదు. తర్వాతి బళ్లలో వచ్చిన ఏడంగుళాల, రెండు క్యాముల డ్రమ్ము పాత ఫోర్కులకు కూర్చుకోవడం తేలికైన, అందం చెడని మార్పు. దాని గుట్టంతా రెండు క్యాములను కలిపే సన్నటి రాడ్డులో ఉంది. ఆ రాడ్డు పొడవు సరిగ్గా లేకపోతే ఒక షూ పట్టి రెండోది పట్టదు. అప్పుడు పాత డ్రమ్ముకంటే నాసిగా పనిచేస్తుంది. చక్రం బిగించేటప్పుడు యాక్సిల్ నట్టు వదులుగా ఉంచి, చక్రం గిర్రున తిప్పి బ్రేకు పట్టి, పట్టిన చేయి వదలకుండా నట్టు బిగిస్తే షూలు డ్రమ్ము నడిమికి కూర్చుంటాయి. పాత షూల లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ ధూళిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

కరెంటు విషయంలో 6 వోల్టుల నుంచి 12కు మారడం నిస్సందేహంగా మేలు. 36 వాట్ల బల్బు 6 వోల్టుల మీద 6 ఆంపియర్లు లాగుతుంది, 12 మీద 3. కరెంటు సగమైతే వైర్లలో వృథా నాలుగో వంతుకు పడుతుంది. అయితే బల్బులూ బ్యాటరీ మార్చి ఊరుకుంటే చాలదు. ఆల్టర్నేటరు, రెగ్యులేటరు, హార్ను, కాయిలు అన్నీ దానికి తగ్గవి కావాలి. తెగిన ప్రతి వైరుకూ టేపు చుట్టి అతికిన పాత వైరింగును పూర్తిగా తీసేసి కొత్త కిట్టు వేయడమే బాగు. దారిలో ఆగిపోయిన పాత బళ్లలో చాలా వాటి జబ్బు ఇంజనులో ఉండదు, ఆ టేపు చుట్టల కింద ఉంటుంది.

పెట్రోలు టాంకు వేరే కథ. లోపల తుప్పు పట్టిన టాంకులో నట్లు, గొలుసు ముక్కలు వేసి ఆడించి, ఆమ్లంతో కడిగి, ఆరబెట్టాలి. ఖాళీ టాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరి నిండు టాంకుకంటే ప్రమాదం; నొక్కు తీయడానికి వెల్డింగు పెట్టే ముందు దాన్ని పూర్తిగా పోగొట్టాల్సిందే. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను ఉబ్బిస్తుంది, పెళుసు చేస్తుంది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలకుండా నిలిపిన బండి టాంకు అడుగున నీరు చేరి తుప్పు మళ్లీ మొదలవుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయడం నేడు తప్పనిసరి సవరణ.

రంగు చివరి పని. బ్రేకులు, వైర్లు, ఇంజను పూర్తయి, ఒకసారి రోడ్డు మీద తిప్పి, ఆయిలు కారే చోట్లు కట్టాకే పెయింటింగుకు ఇవ్వాలి. ముందే రంగు వేయిస్తే స్పానరు గీతలు దాని మీదే పడతాయి. బుల్లెట్ టాంకు మీది బంగారు గీతలను మద్రాసు కర్మాగారంలో కుంచె పట్టి చేత్తో గీసే సంప్రదాయం ఉంది. స్టిక్కరు వేస్తే ఆ గీత అంచు మరీ నిక్కచ్చిగా ఉండి, దగ్గరికెళ్లి చూసినవాడికి దొరికిపోతుంది.

శక్తి పెంచితే

500 బ్యారెల్‌ను 87 మిల్లీమీటర్లకు పెంచి 535 సీసీ చేయడం, పెద్ద కార్బురేటరు, తేలిక ఫ్లైవీలు ఇంగ్లండు అభిమానులకు బాగా పరిచయమైన మార్పులు. 350 వాళ్లు ఎక్కువగా చేసేది ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను పెంచడం. అదే వేగానికి ఇంజను కొంచెం నిదానంగా తిరిగి హైవే మీద హాయిగా ఉంటుంది, గట్టు ఎక్కేటప్పుడు మాత్రం మూడో గేరు వేయక తప్పదు. ఆ స్ప్రాకెట్ క్లచ్ వెనక ఉంటుంది కాబట్టి చిన్న మార్పుకు ప్రైమరీ కేసంతా విప్పాలి. ఇక పొడవాటి స్ట్రోకు, బరువైన ఫ్లైవీలు ఉన్న ఈ ఇంజన్ నుంచి రేసు బండి వేగం ఆశించడం దాని మీద కక్ష కట్టడమే.

చట్టం గీత

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు ఆర్‌సీ వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. కేరళ హైకోర్టు ఇచ్చిన సడలింపును కొట్టేస్తూ 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. చట్రం కోయడం, వేరే సామర్థ్యం ఇంజను వేయడం దీని కిందికే వస్తాయి. రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించుకోవాలి. సైలెన్సరు లోపలి భాగాలు తీసి మోత పెట్టించే సరదా పోలీసు రోడ్డు రోలరు కింద ముగుస్తున్న ఫొటోలు పత్రికల్లో తరచూ వస్తూనే ఉన్నాయి.

2021లో వచ్చిన వింటేజ్ నియమాలు మాత్రం పునరుద్ధరణకు ఊతమిచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, చట్రం, ఇంజను అసలు రూపంలో ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు, పొడిగింపుకు 5,000. ఆ నంబరుతో రోజువారీ ప్రయాణం కుదరదు; ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకెళ్లవచ్చు. కాబట్టి పాత బండికి మార్పులు చేసేవాళ్లు తీసిన అసలు భాగాలను గ్రీజు రాసి భద్రపరుస్తారు. అమ్మే రోజున ఆ సంచీకీ విడిగా బేరం ఉంటుంది.

బుల్లెట్ కాని బళ్లదీ ఇంచుమించు ఇదే దారి. మైసూరులో 1961 నుంచి 1996 వరకు తయారైన జావా, యెజ్డీలది 65 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు; గేరు లివరే తిప్పితే కిక్కు. టూ స్ట్రోకు బండి కాబట్టి వాటిలో మొదట అనుమానించవలసింది క్రాంకు ఆయిల్ సీళ్లను: గేరు ఆయిలు లోపలికి లాగితే తెల్ల పొగ, గాలి లాగితే పిస్టన్ పట్టేయడం. రాజ్‌దూత్ 350 భాగాలు దొరకడమే గగనం. 1985లో వచ్చిన 98 సీసీ యమహా ఆర్‌ఎక్స్ 100కు మోజు నానాటికీ పెరుగుతున్నా, వాటిలో మొట్టమొదటిదానికి కూడా 50 ఏళ్లు నిండేది 2035లోనే. అప్పటిదాకా దానికి వర్తించేది మామూలు ఆర్‌సీ, ఐదేళ్లకోసారి తనిఖీ.